పేరు వంటగదికి చెప్పండి, వాట్సాప్ గ్రూపుకు కాదు

సంపాదకులకు,

ఫలానా పిల్లవాడికి పల్లీలు పడవని డాక్టరు రాసిచ్చిన చీటీని ఫొటో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల బళ్లలో అలవాటవుతోంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ చీటీ ఊళ్లో ప్రతి ఇంటికీ చేరుతుంది, వంట చేసే అక్కకు తప్ప. ఆమె ఆ గ్రూపులో ఉండదు.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు చూడండి. కొందరు పిల్లలు వద్దంటారు. ఇంట్లో అలవాటు లేకనో, ఆ వారం తినకూడదనో, ఒంటికి పడకనో, వరుసలో ఎవరూ ఆరా తీయరు. తరగతికి కారణంతో పని లేదు. వంటగదికి ఉంది. అలవాటు లేని పిల్ల పళ్లెంలో గుడ్డు పులుసు చుక్క పడితే ప్రాణం మీదికి రాదు, ఎలర్జీ ఉన్న పిల్లకు రావచ్చు.

పల్లీతో చిక్కేమిటంటే, మన వంటల్లో అది కంటికి కనబడదు. వంకాయ కూరలో నూరి పోస్తాం. పల్లి చట్నీ వడ్డించిన గంటెతోనే సాంబారు తోడితే అందులోకీ వచ్చేస్తుంది. ఉడికించినా వేయించినా దాని గుణం పోదు. రిఫైన్డ్ పల్లి నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు, గానుగ నూనెలో మిగులుతుంది. ఆరోగ్యమని గానుగకు మారిన హాస్టళ్లు ఇది గమనించాలి. గంటెలు, చేతులు సబ్బుతో కడగాలి, శానిటైజర్ రుద్దితే సరిపోదు. ఆ పిల్లకు వేరే గంటెతో, అందరికంటే ముందు వడ్డిస్తే చాలు. విడిగా ఓ మూల కూర్చోబెట్టడం దేనికి?

ఒక్క పేజీ కార్డు రాయండి: ఫొటో, పడని పదార్థం, తొలి లక్షణాలు, మందు, డోసు, తల్లిదండ్రుల ఫోను. ఒకటి క్లాసు టీచరు దగ్గర, ఒకటి వంటగది అల్మారా తలుపుకు లోపలివైపు, ఒకటి మందుల డబ్బాలో కవరులో. నాగార్జునసాగర్ విహారయాత్రకు పోయినా డబ్బా వెంట ఉండాలి. డోసు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ఏటా జూన్‌లో కార్డు మార్చాలి.

దద్దుర్లతో పాటు వాంతులు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, తూలడం వీటిలో ఏ ఒక్కటి కనబడినా అడ్రినలిన్ (తీవ్ర ఎలర్జీకి ఇచ్చే ఇంజెక్షన్ మందు) ఇవ్వాలి. కిలోకు 0.01 మి.గ్రా.; మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే ఆంపుల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు గొట్టం) అయితే 20 కిలోల పిల్లకు 0.2 మి.లీ., తొడ బయటివైపు కండరంలోకి. వెంటనే 108కు ఫోన్ చేయాలి. 5 నిమిషాల్లో తేరుకోకపోతే మరో డోసు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. ఎలర్జీకి వాడే సెటిరిజిన్ మందు దురద తగ్గిస్తుందే తప్ప ఊపిరి నిలపదు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో, పీహెచ్‌సీ డాక్టరు దగ్గర నేర్చుకున్న ఇద్దరు టీచర్లయినా ప్రతి బడిలో ఉండాలి. ఆంపుల్‌ను 25 డిగ్రీలు దాటని చోట, వెలుతురు తగలకుండా ఉంచాలి. బీరువాకు తాళమేసి హెడ్‌మాస్టర్ మీటింగుకు పోతే మందు ఉన్నా లేనట్టే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. పిల్లవాడు టీసీ తీసుకున్న రోజే ఆ మూడు కార్డులూ చించేయాలి. గ్రూపుల్లో ఇప్పటికే తిరుగుతున్న చీటీలను పెట్టినవాళ్లే తీసేసి, ఆ సంగతి తల్లిదండ్రులకు తెలపాలి.

- కొందరు పిల్లల వైద్యులు, ఉపాధ్యాయులు, నల్లగొండ