రంజాన్ సాయంలో పేదల ముఖాలు అచ్చువేయకండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

రంజాన్ మాసం వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పేజీల్లో ఒకే తరహా ఫోటో తరచూ కనిపిస్తుంది. బియ్యం, కందిపప్పు, నూనె, సేమియా, ఖర్జూరాలు ఉన్న సంచిని ఒక పేదరాలికి అందిస్తూ నలుగురైదుగురు పెద్దలు కెమెరా వైపు చూస్తుంటారు. సంచి అందుకునే ఆమె మాత్రం తల దించుకుని ఉంటుంది. ఆ పెద్దల మనసును శంకించే హక్కు నాకు లేదు, ఎందుకంటే ఎవరి నియ్యత్ (సంకల్పం) ఎలాంటిదో అల్లాహ్‌కు తప్ప వేరెవరికీ తెలియదని మా ధర్మమే చెబుతోంది. అయినా ఈ ఆనవాయితీ ఇచ్చేవారికి మేలు చేయదని, పుచ్చుకునేవారికి మాత్రం తప్పకుండా బాధ కలిగిస్తుందని నమ్ముతున్నాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఇమామ్ బుఖారీ తన హదీసుల (ప్రవక్త మాటలు, చేతల నివేదికల) సంకలనాన్ని ప్రారంభించినదే ‘కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయి’ అన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) మాటతో. ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉమర్ (రజి) వినిపించిన ఆ హదీసులో ఉదాహరణగా వచ్చేది వలస. అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లినవాడి వలస వారి కోసమే అవుతుందని, ఏదైనా లాభం కోసమో, ఒక స్త్రీని పెళ్లాడడం కోసమో వెళ్లినవాడికి అతను కోరి వెళ్లినదే దక్కుతుందని దాని సారాంశం. 622లో మక్కా వదిలి మదీనాకు బయలుదేరినవారు ఏ ఉద్దేశంతో వెళ్లినా 400 కిలోమీటర్లకు పైగా అదే ఎండలో, అదే ఎడారిలో నడవాల్సిందే. పక్కన నడిచేవాడి మనసులో ఏముందో తోటి ప్రయాణికుడు కూడా కనిపెట్టలేడు. కంటికి కనిపించని ఆ తేడా మీదే కర్మ విలువ ఆధారపడి ఉన్నప్పుడు, కంటికి చూపించాలన్న ఆరాటం దాతకు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పాలా?

దానం విషయంలో ఖుర్ఆన్ మరింత సూటిగా మాట్లాడింది. చేసిన మేలును ఎత్తిపొడిచి, పుచ్చుకున్నవారి మనసు నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోకండని బఖరా అధ్యాయం 264వ వాక్యం హెచ్చరిస్తుంది. జనం చూడాలని ఖర్చుపెట్టేవాడిని నున్నటి బండ మీద పేరుకున్న మట్టితో పోలుస్తుంది. జడివాన పడగానే ఆ మట్టి కొట్టుకుపోయి ఉత్త బండ మిగులుతుంది. అదే అధ్యాయం 271వ వాక్యం బహిరంగంగా ఇవ్వడమూ మంచిదేనంటూ, గుప్తంగా పేదలకు చేర్చడం మీకు ఇంకా మేలు అంటుంది. కనుక నలుగురి ఎదుట ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. నలుగురి దగ్గర చందాలు పోగుచేసిన కమిటీలు లెక్క చూపించి తీరాలి కూడా. ఆ లెక్కకు రసీదులున్నాయి, మసీదు నోటీసు బోర్డు ఉంది, పేర్చిన సంచుల ఫోటో ఉంది. పేదరాలి ముఖం ఏ లెక్కకు రుజువు?

మా ఊళ్లో ఒక మసీదు గేటు దగ్గర జరిగిన పంపిణీ చూశాను. సంచి ఒక చెవి ఆమె చేతిలో ఉంది, రెండో చెవిని దాత పట్టుకునే ఉన్నారు. ఫోటో సరిగా రాలేదని ఫోను పట్టుకున్న కుర్రాడు ‘ఇంకోసారి’ అన్నాడు. ఆమె చీర కొంగు ముఖం మీదికి లాక్కుంటే, ‘కొంచెం తల ఎత్తమ్మా’ అన్నాడు. ఆ కుర్రాడు చెడ్డవాడేమీ కాదు. అందరూ చేస్తున్నదే తానూ చేశాడు. కానీ ఆమె పిల్లలు మర్నాడు బడికి వెళ్లాలి, ఆ ఫోటో వీధి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

హనఫీ ఫిఖహ్ (హనఫీ సంప్రదాయపు ధర్మశాస్త్రం) ప్రకారం జకాత్ (స్తోమత ఉన్న ముస్లింలు ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) ఇచ్చేటప్పుడు ‘ఇది జకాత్’ అని తీసుకునేవారికి చెప్పవలసిన అవసరం కూడా లేదు. ఇచ్చేవారి మనసులో నియ్యత్ ఉంటే చాలు, పండుగ కానుక అని చేతిలో పెట్టినా చెల్లుతుంది. పేదవాడి అభిమానం కాపాడేందుకు ధర్మశాస్త్రం ఇంత వెసులుబాటు ఇస్తే, మనం మెడలో బోర్డు కట్టినంత పని చేస్తున్నాం. పైగా ఏడాది నిలిచిన సొమ్ములో మనం తీసే ఆ 2.5 శాతం వారికి చెందవలసిన హక్కే తప్ప మన దయ కాదు.

ఈ ఫోటోల వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. పుణ్యమంతా సంచులు పంచేవారిదేనని, తమలాంటివారికి ఆ భాగ్యం లేదని చేతిపనుల మీద బతికేవారు అనుకుంటున్నారు. కానీ భార్య నోటికి అందించే ముద్దకు కూడా, అల్లాహ్ ప్రసన్నత కోరి అందిస్తే, ప్రతిఫలం ఉంటుందని తన సహచరుడు సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)తో ప్రవక్త (స) అన్నారు. పండుగ బట్టల కోసం సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున చేసే భోజనం) దాకా మిషను తొక్కే దర్జీ, ఎవరూ తిరగేసి చూడని లోపలి వైపు కూడా రెండో కుట్టు వేసి ఇస్తే, అది ఇబాదత్ (దైవారాధన) కాదని ఎవరనగలరు? రంజాన్ కార్డుల మీద అచ్చువేసిన సహరీ నియ్యత్ వాక్యం పిల్లలకు కూడా కంఠతా వస్తుంది. దుకాణం షట్టరు ఎత్తేటప్పుడు కూడా నియ్యత్ ఉండాలని వారికి చెప్పేవారు తక్కువ. బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి అడుగున తడి చూసిన ప్రవక్త (స), జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైన ఎందుకు పోయలేదని వ్యాపారిని నిలదీశారు. మోసం చేసేవాడు నావాడు కాడన్నారు. కల్తీతో గడించిన లాభంలోంచి ఎన్ని సంచులు పంచినా ఆ తడి ఆరదు.

మసీదు కమిటీలకు నా విన్నపం ఒకటే. వచ్చే రంజాన్‌కు పేర్లు ముందుగా రాసుకుని, తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు) ముగిశాక ఇద్దరు వెళ్లి సంచులను ఇళ్ల దగ్గరే ఇచ్చి రండి. ఫిత్రా (ఈద్ సందర్భంగా పేదలకు ఇచ్చే దానం) కూడా ఈద్ నమాజుకు ముందే చేరిపోతే పండుగనాడు ఎవరూ చెయ్యి చాచనక్కరలేదు. సంపాదకులారా, మీరు కూడా ఎంతమందికి సాయం అందిందో, ఎంత ఖర్చయిందో మీ విలేకరుల చేత రాయించండి. ఇచ్చినవారి పేర్లు వేయాలనుకుంటే వేయండి. తీసుకున్నవారి ఫోటోలు మాత్రం, ఎవరు పంపినా, ప్రచురించకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు