మంచు ఫొటో ఒక్కటే వేస్తే చాలదు, ఎత్తు కూడా చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ పత్రికలో అంటార్కిటికా చుట్టూ సముద్రం ఎంతమేర గడ్డకట్టిందో చూపించే శాటిలైట్ బొమ్మ వేసి, కింద విస్తీర్ణం లెక్క ఇచ్చారు. అది చూసి మా బావమరిది ఫోన్ చేశాడు. "2014లో అక్కడ మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టిందట, 2023లో 18 లక్షల లోపుకి పడిపోయిందట, ఇంతలా పెరిగి తగ్గేదాన్ని పట్టుకుని సముద్రం మీదికొచ్చేస్తుందని మమ్మల్ని ఎందుకు భయపెడతారు బావా?" అన్నాడు. వాడు చదువుకున్నవాడే, అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మొదటి లెక్క సెప్టెంబరుది, అంటే అక్కడ చలికాలం చివర. రెండోది ఫిబ్రవరిది, ఎండాకాలం చివర. పైగా రెండూ నీళ్ల మీద తేలే మంచు గురించే. చెరకు రసం గ్లాసులో తేలే ఐసు ముక్క కరిగితే రసం పొంగిపోదు కదా, అలాగే ఆ తేలే మంచు కరిగినా సముద్రమట్టం దాదాపు పెరగదు. భయపడాల్సింది నేల మీద కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు గురించి. అది తగ్గుతోందో లేదో పైనుంచి తీసిన ఒక్క ఫొటోలో కనిపించదు, ఎత్తు కొలవాలి.

ఎత్తు సంగతి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాద్‌లో మ్యాపులు తయారుచేసే ఆఫీసులో ఇరవై ఏళ్లుగా నా పని అదే. ఒకే చోటును రెండు కోణాల్లో తీసిన ఫొటోలను స్క్రీన్ మీద పెట్టి, ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటే కొండలు, గుంటలు లేచి నిలబడతాయి. అందులో ఒక చిన్న చుక్కను మౌస్‌తో నేల మీదికి దించుతాం. ఎత్తు ఎక్కువైతే చుక్క గాలిలో తేలుతుంది, తక్కువైతే నేలలోకి దిగబడినట్టుంటుంది, సరిగ్గా ఆనిన క్షణంలో ఎత్తు నమోదు చేస్తాం. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఫొటోలతో నేను ఈ పని నేర్చుకున్నాను. దానికి రెండు కెమెరాలు, ఒకటి 26 డిగ్రీలు ముందుకి, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కి చూసేవి, ఒకే చోటును ఒక నిమిషం కూడా తేడా లేకుండా రెండుసార్లు పట్టుకునేవి. మన రెండు కళ్లు చేసే పనే అది, కాకపోతే కళ్ల మధ్య దూరం వందల కిలోమీటర్లు.

ఒకసారి ఉప్పు మడులున్న తీరప్రాంతం నా వంతుకి వచ్చింది. మిగతా ఊరంతా రెండు రోజుల్లో అయిపోయింది, ఆ తెల్లటి మడుల దగ్గర మాత్రం చుక్క ఎక్కడా ఆనలేదు, ఎందుకంటే చుట్టూ ఒకే తెలుపు, కంటికి పట్టు దొరకదు. కంప్యూటర్‌కి అప్పగిస్తే అది లేని గుట్టలు సృష్టించింది. చివరికి గట్ల నీడలు పట్టుకుని చేత్తో గీశాను. మరి ఒక ఖండమంతా అలాంటి తెలుపే అయితే? అంటార్కిటికా మంచు పలక సుమారు 140 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశానికి నాలుగు రెట్లకు పైనే.

అయినా ఆ పని చేసి చూపించారు. అమెరికాలో మిన్నెసోటా, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల వాళ్లు వరల్డ్‌వ్యూ శాటిలైట్ల జంట ఫొటోలను బ్లూ వాటర్స్ అనే సూపర్ కంప్యూటర్‌కి ఎక్కించి, 2018లో 'రేమా' పేరుతో అంటార్కిటికా ఎత్తుల మ్యాపును విడుదల చేశారు. అందులో ఒక్కో గడి, అంటే ఒక ఎత్తు లెక్క ఇచ్చే చదరం, 8 మీటర్లు, 2022 నాటి కొత్త మ్యాపులో 2 మీటర్లు. అంతకుముందు చాలామంది వాడిన మ్యాపుల్లో గడి కిలోమీటరు మేర ఉండేది. ఆర్కిటిక్ వైపుకి కూడా 'ఆర్కిటిక్‌డెమ్' అని ఇలాంటిదే ఉంది. తెలుపులో పట్టు ఎలా దొరికిందంటే, మామూలు 8 బిట్ల ఫొటోలో నలుపు నుంచి తెలుపు వరకు 256 మెట్లే ఉంటాయి, వాళ్ల 11 బిట్ల ఫొటోలో 2048. మన కంటికి ఒకే తెలుపుగా ఉన్నచోట, సూర్యుడు కిందకి వాలి ఉన్నప్పుడు గాలి చెక్కిన మంచు గీతల నీడలు అందులో విడివిడిగా తేలతాయి. మడుల గట్ల నీడతో నేను చేసిందీ అదే కదా అని ఆ మ్యాపు మొదటిసారి తెరిచిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఫొటోలతోనే అంతా అయిపోదు. చలికాలం నెలల తరబడి చీకటి, మబ్బేమో మంచులాగే తెలుపు. జంట ఫొటోల లెక్క మొత్తంగా కొన్ని మీటర్లు పైకో కిందకో జరిగే ప్రమాదం కూడా ఉంది. అందుకే లేజర్, రాడార్ కొలతలకు ఆనించి సరిచేస్తారు. 2018లో వెళ్లిన అమెరికా శాటిలైట్ ఐస్‌శాట్-2 సెకనుకి 10 వేల ఆకుపచ్చ లేజర్ తునకలు కిందకి పంపి, వెలుగు తిరిగొచ్చే సమయంతో ఎత్తు చెబుతుంది, కానీ తను వెళ్లే దారి వెంట మాత్రమే. ఆ దారుల మధ్య ఖాళీని ఫొటోలు నింపుతాయి. రాడార్‌కేమో పొడి మంచులోకి కాస్త చొరబడే గుణం ఉంది, అసలు పైభాగం ఎక్కడో తికమక వస్తుంది. 2013లో శ్రీహరికోట నుంచే వెళ్లిన మన, ఫ్రాన్స్ వాళ్ల సరళ్ శాటిలైట్ వాడిన తరంగాలు మంచులోకి తక్కువ దిగుతాయి కాబట్టి ఆ తికమక కొంత తగ్గింది. మన నేల మీదినుంచి వెళ్లిన యంత్రం మంచును కొలిచిందని ఎంతమంది తెలుగు పిల్లలకి తెలుసు?

ఇప్పుడు మా బావమరిది చెప్పిన 2014కే వద్దాం. తేలే మంచు రికార్డు కొట్టిన ఆ కాలంలోనే, పశ్చిమ అంటార్కిటికాలో పైన్ ఐలండ్, థ్వెయిట్స్, స్మిత్ హిమానీనదాలు సముద్రాన్ని చేరేచోట మంచు పైభాగం ఏటా మీటర్ల లెక్కన కిందకి దిగుతోంది. ఫొటోలో విస్తీర్ణం పెరిగింది, ఎత్తు కొలిస్తే నేల మీది మంచు పోతోంది. ఎత్తు తగ్గినంత మాత్రాన అదంతా కరిగిపోయినట్టే అని కాదు, పైనున్న మెత్తటి మంచు అణిగినా దిగుతుంది, కొత్తగా కురిస్తే పెరుగుతుంది, ఆ లెక్కలన్నీ తీసేసి చూస్తారు. తీసేసినా అక్కడ నష్టమే మిగిలింది. అంటార్కిటికా మంచంతా కరిగితే సముద్రం సుమారు 58 మీటర్లు, గ్రీన్‌లాండ్‌ది కరిగితే 7 మీటర్లకు పైగా పెరుగుతుంది. అంతా ఒక్కసారి కరగదు, నిజమే. కానీ అంత పెద్ద మంచు రాశి తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న నీటిని లాక్కుని ఉంటుంది. గ్రీన్‌లాండ్‌లో అది తగ్గినకొద్దీ నీరు అక్కడ దిగి, బంగాళాఖాతం లాంటి దూరపు తీరాల్లో సగటుకన్నా ఎక్కువ పెరుగుతుంది. కాబట్టి అక్కడి ఎత్తు మనకెందుకులే అనుకునే వీల్లేదు.

నేను అడిగేది చిన్నదే. ఇకనుంచి అలాంటి బొమ్మ వేసినప్పుడు అది తేలే మంచా, నేల మీది మంచా అన్నది, ఫొటో ఏ నెలదన్నది రాయండి, నేల మీది మంచైతే ఎత్తు ఎంత మారిందో ఒక్క లైను కలపండి. రేమా మ్యాపు ఉచితంగానే దొరుకుతుంది. మీ ఆదివారం పేజీలో ఒక హిమానీనదం బొమ్మను ఎరుపు, నీలం రంగుల్లో అచ్చువేస్తే, రంగు కాగితాల కళ్లద్దాలతో పిల్లలు ఇంట్లోనే ఆ ఎత్తుపల్లాలు చూడొచ్చు. అలాంటి బొమ్మ ఒకటి తయారుచేసి నా దగ్గర పెట్టుకున్నాను, కబురు పంపితే కళ్లద్దాలతో సహా మీ ఆఫీసుకి తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్