పవర్ చీటీతో సరిపోయింది, అదే నా ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: సైకిల్ తొక్కడం కోసం పవర్ వేసి పంపిన కళ్లజోడు పనికిరాకపోవడం, వాపసు తీసుకోవడానికి మీ సంస్థ నిరాకరించడం గురించి.

అయ్యా,

గత నెల మీ వెబ్‌సైట్‌లో రూ.11,400 పెట్టి పవర్ వేసిన సైక్లింగ్ కళ్లజోడు కొన్నాను. బిల్లు, కళ్ల డాక్టరు రాసిచ్చిన చీటీ, మీ చాట్‌లో జరిగిన సంభాషణ, శ్రీకాకుళంలో ఒక కళ్లద్దాల షాపులో తీయించిన కొలతల కాగితం ఈ లేఖకు జతచేశాను. కళ్లజోడు పెట్టుకుని సైకిల్ ఎక్కితే తల నొప్పి, కళ్లు తిరగడం. ఆ సంగతి రాస్తే మీవాళ్లు ఇచ్చిన జవాబు ఇది: "లెన్స్ పవర్ మీ చీటీతో సరిపోయింది. లోపం లేదు. పవర్ వేసిన లెన్స్ వాపసు తీసుకోబడదు." పవర్ చీటీతో పాయింటు తేడా లేకుండా సరిపోయిందన్న మాట నిజం. మీరు చేసిన తప్పుకు రుజువు కూడా అదే. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే మాస్టారిని కాబట్టి పాఠంలా అనిపిస్తే ఏమీ అనుకోవద్దు.

నేను తెల్లవారకముందే బయల్దేరి కళింగపట్నం వైపు తొక్కుతాను. అరసవల్లి దాటాక దారి దాదాపు తూర్పు ముఖం. పాతిక కిలోమీటర్లు దాటిన ఆ దారిలో పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఎండ నేరుగా కళ్లలోనే పడుతుంది. సూర్యదేవుడి గుడి ఉన్న ఊరి పక్కన ఉంటున్నవాళ్లం, ఎండ గురించి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఎదురుగాలి. అప్పుడు హ్యాండిల్ కింది వంపు పట్టుకుని ముందుకు వంగక తప్పదు. వంగితే మామూలు కళ్లజోడు చెమటకు ముక్కు మీద నుంచి జారుతుంది, పై అంచు సరిగ్గా చూపుకు అడ్డం వస్తుంది, పక్కల నుంచి గాలి కొట్టి కళ్లలో నీళ్లు. రోడ్డు మీద ఇసుక టిప్పర్లు రాల్చిన ఇసుక, కోతల రోజుల్లో ఆరబోసిన ధాన్యం, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. ఇవన్నీ దూరం నుంచే కనిపించాలి. అందుకే ముఖానికి చుట్టుకున్నట్టు ఉండే ఫ్రేమ్, అందులో నా పవర్ కావాలనుకున్నాను. మీ ప్రకటనలో "రైడింగ్ పొజిషన్‌కు తగ్గట్టు అమర్చిన లెన్స్" అని ఉంది. ఆ మాట చూసే కొన్నాను. ఆ పేజీ ఫొటో తీసి దాచాను, అదీ జతలో ఉంది.

నా కుడికంటికి మైనస్ 5, ఎడమకంటికి మైనస్ 3.25. సిలిండర్ (ఒక దిశలో మాత్రమే ఉండే అదనపు పవర్) లేదు. రెండు కళ్ల మధ్య ఇంత తేడా ఉందని మీ ఆర్డర్ ఫారంలో నేనే నింపాను. ఆ తేడా చూసిన మనిషి ఎవరైనా అక్కడ ఒక్క క్షణం ఆగాలి.

వంగి తొక్కేటప్పుడు తల కిందికి దిగుతుంది, చూపు మాత్రం రోడ్డు మీదే ఉండాలి. అంటే లెన్స్ మధ్య నుంచి కాకుండా పై భాగం నుంచి చూస్తాం. లెన్స్ కేంద్రం నుంచి చూపు పక్కకు జరిగితే అది ప్రిజంలా పనిచేసి, కనిపించే బొమ్మను జరుపుతుంది. అది ఎంత అన్నది లెక్క కట్టడం సులువు: జరిగిన దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకుని పవర్‌తో గుణించాలి. 8 మిల్లీమీటర్లు పైనుంచి చూస్తే నా కుడికంటికి 4, ఎడమకంటికి 2.6. రెండిటికీ తేడా 1.4 ప్రిజం డయాప్టర్లు (బొమ్మ ఎంత జరుగుతుందో చెప్పే కొలత), అదీ నిలువుగా. కళ్లు లోపలికి తిరిగి అడ్డం తేడాను చాలావరకు సర్దుకుంటాయి గానీ, ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి తిరిగి నిలువు తేడాను సర్దుకోవడం వాటికి చాలా కష్టం. ఒక బొమ్మ పైన, ఇంకొకటి కింద కనిపిస్తాయి. ముందున్న స్పీడ్ బ్రేకర్ రెండుగా కనిపిస్తే దేని మీద బ్రేకు వెయ్యాలి? కుర్చీలో కూర్చున్నవాడైతే తల కాస్త ఎత్తి మధ్య నుంచి చూస్తాడు. సైకిల్ మీద మెడ అప్పటికే ఎత్తగలిగినంత ఎత్తి ఉంటుంది.

అందుకే సైక్లింగ్ కళ్లజోడులో లెన్స్ కేంద్రాన్ని, తొక్కే భంగిమలో చూపు ఎక్కడ పడుతుందో అక్కడికి, అంటే పైకి జరిపి అమర్చాలి. మీరు పంపినదానికి ఇక్కడి షాపులో గుర్తులు పెట్టించి చూశాను. కేంద్రాలు రెండూ ఫ్రేమ్ ఎత్తుకు సరిగ్గా మధ్యలో ఉన్నాయి. రైడింగ్ పొజిషన్ అన్న మాట మీ ప్రకటన దాటి మీ వర్క్‌షాప్ దాకా చేరలేదు.

ఇక వంపు సంగతి. మామూలు ఫ్రేమ్‌లో లెన్స్ ముఖానికి దాదాపు ఎదురుగా ఉంటుంది. ఈ చుట్టు ఫ్రేమ్‌లో చెంపల వైపు వాలిపోతుంది. వాలిన లెన్స్ తన అసలు పవర్ ఇవ్వదు. 20 డిగ్రీలు వాలితే మైనస్ 5 లెన్స్ పవర్ కొంచెం పెరిగి, దానికి తోడు సుమారు 0.65 సిలిండర్ కొత్తగా పుడుతుంది. పుట్టుకతో లేని సిలిండర్‌ను మీరు నాకు డబ్బు తీసుకుని ఇచ్చారన్నమాట. దీన్ని సరిచేసే పద్ధతి లెన్స్ తయారుచేసేవాళ్లందరికీ తెలిసిందే. ఫ్రేమ్ వాలు, కంటికీ లెన్స్‌కూ మధ్య దూరం, ఒక్కో కంటికి విడివిడిగా పీడీ (ముక్కు మధ్య నుంచి కంటిపాప దాకా దూరం) తీసుకుని, పెట్టుకున్నాక చీటీలోని పవర్ అందేలా లెన్స్‌ను కావాలని కాస్త మార్చి కోస్తారు. అలా కోసిన లెన్స్‌ను పవర్ కొలిచే మెషీన్ కింద పెడితే చీటీలో ఉన్న అంకె రాదు, కొంచెం వేరే అంకె వస్తుంది. ఆ రెండో అంకెను కవరు మీద రాసి పంపడం మామూలు. మీ లెన్స్ మెషీన్ కింద సరిగ్గా మైనస్ 5, మైనస్ 3.25 చూపించింది. అంటే చదును ఫ్రేమ్‌కు చేసే లెన్స్‌నే తెచ్చి వంపు ఫ్రేమ్‌లో బిగించారు. అందుకే మొదటే అన్నాను, చీటీతో సరిపోవడమే రుజువని. షాపాయన లెన్స్ తిప్పి చూసి, "పవర్ తప్పు కాదు మాస్టారూ, అసలు మీ ముఖం కొలవలేదు" అన్నాడు. మీరు ఫోన్ కెమెరాతో ఒక ఫొటో అడిగారు, పీడీ ఒకే అంకెగా తీసుకున్నారు, అంతే.

మీ చాట్‌లో మాట్లాడినవాళ్లు మర్యాదగానే మాట్లాడారు, అందులో వంక పెట్టను. కానీ "వారం పెట్టుకోండి సార్, అలవాటైపోతుంది" అన్న మాట ప్రమాదకరం. కొత్త చెప్పులు కరిస్తే ఓర్చుకోవచ్చు. లారీలు తిరిగే రోడ్డు మీద రెండుగా కనిపించే చూపుకు అలవాటు పడమని ఎలా చెప్తారు? తరవాత, ఇంకో రూ.3,000 కడితే పోలరైజ్డ్ లెన్స్ వేసిస్తామన్నారు. తడి రోడ్డు మీద మెరుపు తగ్గించడానికి అది మంచిదే. నా ఇబ్బంది మెరుపు కాదు. పైగా పోలరైజ్డ్ లెన్స్ వెనక నుంచి చూస్తే సైకిల్ మీటర్ తెర కొన్ని కోణాల్లో నల్లగా కనబడుతుంది. అడిగింది ఒకటి, అమ్మజూపింది ఒకటి.

పాలికార్బొనేట్ లెన్స్ ఇచ్చారు, అది సరైన ఎంపిక. రాయి ఎగిరొచ్చి తగిలినా ముక్కలై కంట్లో పడదు. అంచుల్లో రంగులు కాస్త విడిపోయి కనిపించడం ఆ ప్లాస్టిక్ గుణం, దాన్ని ఫిర్యాదులో కలపడం లేదు. ఎండకు నల్లబడే రకం లెన్స్ గురించి మాత్రం ఒక మాట. ఎంత ఎండలోనైనా క్షణాల్లో నల్లబడుతుందని రాశారు. వేడి ఎక్కువైతే ఆ రంగు తక్కువగానే పడుతుంది, తిరిగి తేటపడటానికి నిమిషాలు పడుతుంది. మే నెలలో శ్రీకాకుళానికి అమ్మేవాళ్లు అది చెప్పి అమ్మాలి.

మైనస్ 5 లాంటి పవర్‌కు, వంపు ఫ్రేమ్‌లో నేరుగా లెన్స్ వేయడం కంటే లోపల బిగించే ఇన్సర్ట్ (పవర్ వేసిన చిన్న విడి లెన్స్ జత) నయమని కొందరంటారు. వాలు తక్కువ కాబట్టి ఆ వాదనలో బలముంది. దాని కష్టం వేరు: రెండు పొరల అద్దం, కంటి వెంట్రుకలు తగిలేంత దగ్గర, మా తీరపు గాలిలో తేమకు ఆగిన ప్రతిచోటా ఆవిరి పట్టేస్తుంది. అయినా, ఈ పవర్‌కు ఈ ఫ్రేమ్ సరిపడదని ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పి ఉంటే ఇన్సర్టే తీసుకునేవాణ్ని, లేదా కొనడం మానేసేవాణ్ని. మీ ఫారం ఏ అంకె కొట్టినా ఒప్పుకుని డబ్బు తీసుకుంటుంది.

వాపసు విషయానికొద్దాం. 2020 ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించకూడదు. "పవర్ లెన్స్ వాపసు లేదు" అన్న మీ షరతు దానికి అడ్డం కాదు. అవే నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారిగా మీరు 48 గంటల్లో ఈ లేఖ అందినట్టు తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి.

కాబట్టి రెండిట్లో ఒకటి చేయండి. రూ.11,400 పూర్తిగా తిరిగివ్వండి. లేదా మీ ఖర్చుతో, నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టి కొలతలు తీసే మనిషిని ఏర్పాటు చేసి, వాలుకు సరిచేసి, కేంద్రం పైకి జరిపి కొత్త లెన్స్ చేసివ్వండి. రెండో దారి ఎంచుకుంటే మెషీన్ కింద కనిపించాల్సిన అంకెను కాగితం మీద రాసివ్వాలి, ఇక్కడి షాపులో సరిచూసుకుంటాను. సగం డబ్బు కూపన్‌గా ఇస్తామన్న మీ ప్రతిపాదన నాకు అక్కర్లేదు.

నెల దాటితే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్లోనే వేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు ఈలోగానే చేస్తున్నాను.

కళ్లజోడు, దాని పెట్టె, గుడ్డ అన్నీ గీత పడకుండా ఉన్నాయి. తీసుకెళ్లడానికి కొరియర్ అబ్బాయిని పంపేముందు ఫోన్ చేయించండి. పగలు బడిలో ఉంటాను, సాయంత్రం ఐదు తర్వాతైతే ఇంట్లో దొరుకుతాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
శ్రీకాకుళం