ఆసు ముందు కెమెరా పెట్టిన మన అమ్మాయి

తల్లిదండ్రులందరికీ నమస్తే,

ఎఫ్ఏ-1 మార్కులు పిల్లల చేతికిచ్చి పంపాం, చూసి సంతకం పెట్టండి, వాటి గురించి ఇవాళ ఇంతే. ఇవాళ చెప్పాలనుకున్నది మన స్కూల్లో టెన్త్ చదివి, ఇంటర్ అయ్యాక హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఫోటోగ్రఫీలో చేరిన అమ్మాయి గురించి. నాన్న మగ్గం నేస్తారు, అమ్మ ఆసు పోస్తుంది, అంటే నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ చుడుతుంది, మీలో చాలామందికి తెలిసిన ఇల్లే. "ఫోటోలు తీసుడుకు నాలుగేండ్ల డిగ్రీ ఎందుకు సార్" అని అప్పట్లో ఎంతమంది అడిగారో, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

తను చేసిన ప్రాజెక్టుల్లో నాకు బాగా నచ్చింది వాళ్లమ్మ మీద చేసింది. ఇక్కత్ చీరకి ఆసు పోయాలంటే చెయ్యి మేకుల చుట్టూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి, ఒక్క చీరకే దాదాపు 9 వేల సార్లు అంటారు, భుజాలు పడిపోతాయి, మన ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ బాధ చూడలేకే కదా లక్ష్మీ ఆసు మిషన్ చేసింది, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఈ పిల్ల ఏం చేసిందంటే కెమెరా ట్రైపాడ్ మీద బిగించి షట్టర్ అర సెకను తెరిచి ఉంచి తీసింది. మేకులు, దారాలు, పీట అన్నీ స్పష్టంగా ఉన్నాయి, చెయ్యి మాత్రం పొగలా కదిలిపోయింది. పక్కనే అదే చెయ్యి 1/500 సెకనులో తీసిన ఫోటో పెట్టింది, అందులో వేళ్ల మీద దారం ఒరుసుకున్న గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. రోజూ చూసే పనే, అయినా నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయా.

ఎండాకాలం సెలవుల్లో అమీర్‌పేటలో ఒక స్టూడియోలో ఇంటర్న్‌షిప్ చేసింది, దిల్‌సుఖ్‌నగర్‌లో మేనత్త ఇంట్లో ఉండి మెట్రోలో వెళ్లొచ్చేది. మొదట్లో కెమెరా ముట్టనివ్వలేదు, రిఫ్లెక్టర్ పట్టుకోవడం, కేటలాగ్ షూట్ చీరలకి ఇస్త్రీ చేయడం, సాయంత్రం మెమరీ కార్డులు రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేయడం, ఇదే పని. ఒకరోజు కుంకుమరంగు పట్టుచీర మానిటర్‌లో ఇటుకరంగులో కనబడుతుంటే, గ్రే కార్డ్ (బూడిదరంగు అట్ట) పెట్టి వైట్ బ్యాలెన్స్, అంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు వచ్చే సెట్టింగ్, సరిచేద్దామని తనే చెప్పిందట, నూలుకి రంగులేసే ఇంట్లో పెరిగిన పిల్ల కదా. అప్పట్నుంచి కలర్ చూసే పని తనకే ఇచ్చారు. డబ్బులు మాత్రం ఇవ్వలేదు, చార్జీలు కూడా ఇంటి నుంచే, ఇది నాకు అస్సలు నచ్చలేదు. మీ పిల్లల్ని ఎవరైనా ఇంటర్న్‌షిప్‌కి పిలిస్తే స్టైపెండ్ ఎంత, టైమింగ్స్ ఏంటి, సర్టిఫికెట్ ఇస్తారా అని ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

పోయిన వారం తను వచ్చి మన 8, 9 తరగతుల పిల్లలతో సైనోటైప్ చేయించింది. కెమెరా అక్కర్లేదు, ఐరన్ లవణం ఒకటి, పొటాషియం ఫెర్రీసయనైడ్ ఒకటి నీళ్లలో కలిపి కాగితానికి పూసి నీడలో ఆరబెట్టి, పైన వేపరెమ్మ పెట్టి ఎండలో ఉంచి కడిగితే చాలు, ఆకు తెల్లగా, మిగతాదంతా ముదురు నీలంగా వస్తుంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మా సైన్స్ టీచర్ అయితే ఆ పీరియడ్‌లోనే రసాయన చర్య పాఠం చెప్పేశారు, పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు.

ఆగస్టు 7 చేనేత దినోత్సవం రోజు ఈ ఫోటోలన్నీ స్కూల్ వరండాలో పెడుతున్నాం, మగ్గం దిగి ఒక గంట రండి, అమ్మలు తప్పకుండా రావాలి. బీఎఫ్ఏ ఎంట్రన్స్ గురించి అడగాలన్నా ఆ రోజు ఆ అమ్మాయే ఉంటుంది. మీ ఇళ్లలో పాత మగ్గాల ఫోటోలు, తాతల ఫోటోలు ఉంటే పిల్లలతో పంపండి, స్కాన్ చేసి జాగ్రత్తగా తిరిగిచ్చేస్తాం. వెనక పేరు పెన్సిల్‌తోనే రాయండి, పెన్నుతో వద్దు, ఇంకు ముందుకి దిగుతుంది.

మీ హెడ్‌మాస్టర్