మా అమ్మను రైతుగా రాయండి: తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

పోయిన వానాకాలం పంట నమోదుకు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు మా పొలం దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ మోకాళ్ల దాకా బురదలో ఉంది. నాట్లు పడుతున్నాయి. నేను ఒడ్డు మీద నిలబడి నారు కట్టలు అందిస్తున్నాను. ఆయన మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. బండి ఆపి, ట్యాబ్ తీసి, "రైతు లేడా అమ్మా?" అని అడిగాడు. అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని, "పట్నంల ఉంటడు సారూ, నా కొడుకు" అని తమ్ముడి ఫోన్ నంబరు చెప్పింది. చెప్పి మళ్లీ వంగి నాటు వేసుకుంది. ఆ ప్రశ్నలో ఏదో తేడా ఉందని ఆయనకూ అనిపించలేదు, అమ్మకూ అనిపించలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది జనగామ జిల్లా. మూడెకరాల పొలం. నాన్న నాలుగేళ్ల కిందట పోయాడు. ఆయన ఉన్నప్పుడు కూడా వడ్లు నానబోసి మొలకెత్తేలా మండె కట్టడం, నారు పీకడం, నాటు, కలుపు, కోత దగ్గర కాపలా, కల్లంలో ఎండబెట్టడం అన్నీ అమ్మవే. దుక్కి, మందు కొట్టడం, అమ్మకం నాన్న చూసుకునేవాడు. ఇప్పుడు అవి కూడా అమ్మ మీదే పడ్డాయి. తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. దసరాకు, సంక్రాంతికి వస్తాడు. కానీ పొలం పాసుపుస్తకంలో పేరు వాడిది కాబట్టి ప్రభుత్వం దృష్టిలో రైతు వాడే.

ఆ పేరు ఎలా ఎక్కిందో కూడా చెప్పాలి. నాన్న పోయాక విరాసత్ కోసం, అంటే పొలం వారసుల పేరు మీదికి మార్పించడానికి ఆఫీసుకు వెళ్తే, "కొడుకున్నాడు కదా, మళ్లీ ఆమె పేరు మీద ఎందుకు? రేపు ఇంకోసారి మార్చుకోవాలె" అన్నారు. ఊళ్లో పెద్దమనుషులదీ అదే మాట. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న వాటాలో అమ్మకు, నాకు, తమ్ముడికి సమాన హక్కు ఉందని నాకు తెలుసు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లోనే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చిందని, 2005లో అది దేశమంతటికీ వచ్చిందని చదువుకున్నాను. అయినా అభ్యంతరం లేదని సంతకం పెట్టాను. నీకు పసుపు కుంకుమ కింద పెట్టాల్సింది పెట్టారు కదా, ఇంకా వాటా అడిగితే పుట్టింటి గడప ఎలా తొక్కుతావు అన్నారు. ఆ భయంతోనే పెట్టాను. అమ్మ వేలిముద్ర వేసింది. ముప్పై ఏళ్లు సాగు చేసిన మనిషి పేరు పొలం కాగితాల మీద పెట్టాలన్న ఆలోచన ఆ రోజు అక్కడున్న ఒక్కరికీ రాలేదు, నాతో సహా. ఆ సంతకం ఇప్పటికీ నన్ను బాధ పెడుతూనే ఉంది.

మా తమ్ముడు చెడ్డవాడు కాదు. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా పడినా, వడ్ల పైసలు పడినా అమ్మకు పంపిస్తాడు. కానీ తన కష్టం డబ్బు కోసం కొడుక్కి ఫోన్ చేసి "బిడ్డా, యూరియాకు ఉన్నయా" అని అడగాల్సి రావడం ఆమెకు ఎంత చిన్నతనంగా ఉంటుందో పక్కన కూర్చుని విన్నదాన్ని నేను.

యాసంగి వడ్లు అమ్మేటప్పుడు ఏం జరిగిందో వినండి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో అమ్మ పదకొండు రోజులు ఉంది. పొద్దంతా వడ్లను కాళ్లతో తిరగేస్తూ ఎండబెట్టేది. మబ్బు పడితే పట్టాలు కప్పేది. రాత్రి ఆ కుప్ప పక్కనే పడుకునేది. తేమ 17 శాతం లోపు వచ్చి కాంటా అయ్యాక, ట్యాబ్‌లో వివరాలు ఎక్కించేటప్పుడు ఓటీపీ తమ్ముడి ఫోన్‌కు పోయింది. వాడు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాడు. రెండు గంటలు అమ్మ చేతిలో ఫోన్ పట్టుకుని టెన్షన్‌తో అటూ ఇటూ తిరిగింది. ఆ సెంటర్ నడిపేది మహిళా సంఘం. కాంటా వేసేది ఆడవాళ్లు, రాసేది ఆడవాళ్లు, పండించి తెచ్చింది ఆడమనిషి. ఆమెకు సంబంధించిన వివరం మాత్రం ఆ ట్యాబ్‌లో ఒక్కటీ లేదు.

ఇక రైతు బీమా. 2018లో ఈ పథకం వచ్చినప్పటి నుంచి 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తున్నాయి. నాన్న పోయినప్పుడు ఆ డబ్బే మా అప్పు తీర్చింది, కృతజ్ఞతతోనే చెబుతున్నాను. ఇప్పుడు ఆ బీమా తమ్ముడి పేరు మీద ఉంది. తెల్లవారుజామున మడిలో నీళ్లు కట్టడానికి టార్చిలైటు పట్టుకుని వెళ్లేది 52 ఏళ్ల అమ్మ. కరెంటు మోటారు స్టార్టర్ ముట్టుకునేది అమ్మ. పాము కరిచినా, షాక్ కొట్టినా ప్రమాదం ఆమెకు. రేపు ఆమెకేమైనా అయితే మీ శాఖ రికార్డుల్లో రైతు చనిపోయినట్టు ఉండదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి దాదాపు 14 శాతమే. మన మాటలో కూడా రైతన్న ఉన్నాడు గానీ రైతక్క లేదు. నాగలి పట్టినవాడే రైతు అని, ఆడది నాగలి ముట్టుకుంటే అరిష్టం అని ఒకప్పుడు అనుకున్నారు. ఇప్పుడు మా ఊళ్లో దున్నేది కిరాయి ట్రాక్టరు. నాగళ్లు పోయాయి, ఆ లెక్క మాత్రం ఇంకా పోలేదు.

భూమి పట్టాలు రెవెన్యూ శాఖ పని అని మీరు అనవచ్చు. నిజమే. కానీ పంట నమోదు, ఏఈఓలు, రైతు వేదికలు, రైతు బీమా మీ చేతిలోవే. నేను అడుగుతున్నదీ వాటి గురించే. పంట నమోదులో పట్టాదారు పేరు కింద, నిజంగా సాగు చేస్తున్న మనిషి పేరు రాయడానికి ఒక గడి పెట్టించండి. ఆ పేరును గ్రామసభలో చదివి ఖాయం చేయించండి, ఎవరు పొలంలో ఉంటారో ఊరికి తెలుసు. ఆ పేరుతో యూరియా ఇవ్వండి, ధాన్యం డబ్బులు వేయించండి, బీమా కట్టండి. పట్టాదారు హక్కుకు దీనివల్ల నష్టమేమీ లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. భూమి ఉన్నా లేకున్నా సాగులో ఉన్నవాళ్లంతా రైతులేనని 2007 జాతీయ రైతు విధానంలోనే రాశారు. ఎం.ఎస్. స్వామినాథన్ గారు రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు తెచ్చిన బిల్లులో గ్రామ పంచాయతీయే మహిళా రైతు ధ్రువపత్రం ఇవ్వాలని ఉంది. అది చట్టం కాలేదు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో కౌలు రైతులకు భూమి హక్కుతో సంబంధం లేకుండా సాగు కార్డులు ఇస్తున్నారు. యజమాని సంతకం కావాలన్న నిబంధన వల్ల అక్కడా చాలామందికి అవి అందడం లేదు. మీరు పెట్టే గడికి పట్టాదారు సంతకం అడగకండి. అడిగితే మళ్లీ కొడుకుల దగ్గరికి, బావల దగ్గరికి, మరుదుల దగ్గరికి తిరగాల్సింది మా అమ్మలే.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ పేరుతో రైతు వేదికల్లో సభలు పెడితే, శాలువాలు కప్పితే సంతోషమే. దాని కంటే ముందు ట్యాబ్‌లో ఆ గడి పెట్టించండి.

ఈ ఉత్తరం రాసి నిన్న రాత్రి అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. చివరి దాకా విని, "నా పేరు రాస్తే యూరియా లైన్ల నిలబడుడు తప్పుతదా బిడ్డా?" అని అడిగింది. తప్పదమ్మా, కానీ నీ వంతు వచ్చినప్పుడు పాసుపుస్తకం ఎవరిది అని అడగరు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే పంపియ్యి" అంది.

ఇట్లు,
జనగామ జిల్లా నుంచి
ఒక మహిళా రైతు కూతురు