‘అర్థమైందా?’ అంటే అందరూ అవుననే అంటారు

సంపాదకులకు,

మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల కోచ్‌ల గురించి గతవారం మీరు వేసిన కథనం చదివి ఊరుకోలేక రాస్తున్నాను. కోచ్ ఓర్పును ఆకాశానికెత్తారు. పాతికేళ్లు దాటిన క్రీడాకారులను మాత్రం చివరిదాకా ‘పిల్లలు’ అనే రాశారు. ఆ దృష్టితో మైదానంలోకి దిగిన కోచ్ ఎవరు ఏ పోటీలో దిగాలన్నది కూడా తానే తేల్చేస్తాడు.

క్రీడా పరిశోధకులు చెల్లాదురై, సాలే 1980లో రూపొందించిన 40 అంశాల ప్రశ్నావళి కోచ్ నాయకత్వాన్ని ఐదు వైపులనుంచి చూస్తుంది: నేర్పే తీరు, నిర్ణయాల్లో ఆటగాళ్లను కలుపుకోవడం, పెత్తనం, మంచిచెడ్డలు కనుక్కోవడం, మెచ్చుకోవడం. మీ కథనంలో వీటి ఊసే లేదు.

బంతి విసరడమే తీసుకోండి. ‘కాలు ముందుకేసి, మోచెయ్యి ఎత్తి, నడుం తిప్పి విసురు’ అని గుక్కతిప్పుకోకుండా చెబితే ఆఖరి మాటే చెవిన పడుతుంది, బంతి ఎటో పోతుంది. ఒకసారికి ఒక్కటే చెప్పాలి, చెప్పాక కాసేపు ఆగాలి. ఆగలేని కోచ్ అదే సంగతి వేరే మాటల్లో మళ్లీ చెబుతాడు, అప్పటిదాకా ఆలోచిస్తున్న మనిషి మొదటికొస్తాడు. మాట చాలకపోతే చేసి చూపాలి. అదీ చాలకపోతే మోచేతిని తాకి గుర్తుచేయాలి. చెయ్యి పట్టుకుని చేయించడం అన్నిటికన్నా ఆఖరు, ఆ సాయమూ క్రమంగా తగ్గించేయాలి. ‘అర్థమైందా?’ అని అడక్కుండా ‘చేసి చూపించు’ అనాలి. ఊరికే ‘శభాష్’ అనేకన్నా ‘ఈసారి మోచెయ్యి దించలేదు’ అంటే ఏం బాగా చేశారో తెలుస్తుంది.

నిర్ణయాల సంగతీ అంతే. రెండు బొమ్మలు చూపి ‘పరుగు ముందా, త్రో ముందా?’ అని అడగాలి. తర్వాత వరస మార్చి మళ్లీ అడగాలి, ఆఖరున విన్నదే చెప్పేవాళ్లు ఉంటారు కాబట్టి. పెత్తనం అక్కర్లేదని అనను. విసిరేచోట అందరూ విసిరాకే బంతులు తేవాలన్నది కచ్చితమైన ఆజ్ఞే.

ఇవన్నీ కోచ్‌లకు నేర్పాల్సిన అధికారులు ఒక్క పూటతో శిక్షణ ముగించి పతకాలు లెక్కపెట్టుకుంటున్నారు. పతకాల యావ ఎక్కడికి తీసుకెళ్తుందో 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లోనే చూశాం. మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో ఆడిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులోని 12 మందిలో 10 మందికి ఆ వైకల్యమే లేదు. పెద్దలు చేసిన ఆ మోసానికి ప్రపంచంలోని మేధో వైకల్య క్రీడాకారులందరూ 2012 లండన్ దాకా పారాలింపిక్స్‌కు దూరమయ్యారు. ఇప్పటికీ ఏ సమీక్షలోనూ క్రీడాకారుణ్ని ‘నీ కోచ్ ఎలా నేర్పుతున్నాడు?’ అని అడిగేవారు లేరు. కనీసం మీ విలేకరి అయినా అడగాల్సింది.

ఇట్లు,
ఒక పాఠకుడు