వార్షిక నివేదిక 2023–24: టపా కింద ఏముండాలి?

గౌరవ సభ్యులకు నమస్కారం.

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా మన తెలుగు బ్లాగర్ల సంఘం చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తున్నారు కనుక డబ్బు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. ఏటా ఈ నివేదికలో సమావేశాలకూ పుస్తక ప్రదర్శనకూ ఎక్కువ చోటు దక్కేది. ఈసారి ఆ చోటును టపా (బ్లాగులో రాసే వ్యాసం) అడుగున ఉండే జానెడు జాగా ఆక్రమించింది. చదివినవారు మరొకరికి పంపడానికి నొక్కే బటన్లు, ‘ఇవి కూడా చదవండి’ అంటూ కనిపించే పెట్టె, వీటి చుట్టూనే ఏడాదంతా తిరిగాం.

మే 31 తర్వాత

పంచుకునే బటన్లు ఇచ్చే ఆడ్‌దిస్ సేవ 2023 మే 31న ఆగిపోయింది. 2006లో మొదలై, 2016లో ఒరాకిల్ చేతికి వెళ్లిన సేవ అది. మనలో పాతకాపులు చాలామంది దాన్నే వాడేవారు. చిన్న కోడ్ తెచ్చి బ్లాగు మూసలో (టెంప్లేట్‌లో) అతికిస్తే చాలు, ఫేస్‌బుక్, ట్విట్టర్, ఈమెయిలు బటన్లు వరుసగా వచ్చి కూర్చునేవి. పైసా ఖర్చు లేదు. అందుకే దాన్ని ఏనాడో పెట్టి మరిచిపోయారు. బటన్లు మాయమైనంత మాత్రాన కోడ్ పోదు. పాఠకుడు పేజీ తెరిచినప్పుడల్లా బ్రౌజర్ ఆ పాత చిరునామా తలుపు తడుతూనే ఉంటుంది. దాన్ని వెతికి తీసేయడం సాంకేతిక ఉపసంఘానికి మొదటి పని అయింది.

జూన్, జూలై నెలల్లో శనివారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో కూర్చుని సభ్యుల మూసలు ఒక్కొక్కటే తెరిచాం. కొన్ని మూసల్లో పురావస్తు తవ్వకాల్లాగా పొరలు బయటపడ్డాయి. పైన ఆడ్‌దిస్, దాని కింద 2019 ఏప్రిల్‌లో మూతపడ్డ గూగుల్ ప్లస్ బటన్, ఇంకా కింద, ఇతర టపాలను సూచిస్తూ 2014 చివరికే ఆగిపోయిన ఎన్‌రిలేట్ పెట్టె. యజమానులకు అవి ఉన్నట్టే తెలియదు. ఈ శుభ్రత పనిలో చెయ్యి వేసిన ఉపసంఘం సభ్యులకు, ముఖ్యంగా అమెరికా నుంచి తమ తెల్లవారుజామున లేచి కూర్చున్న ఇద్దరికి, సంఘం తరఫున ధన్యవాదాలు.

ఇంత మంచి సేవను ఇన్నేళ్లు ఉచితంగా ఎలా ఇచ్చారని ఒక కొత్త సభ్యురాలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. బటన్ పెట్టిన ప్రతి పేజీ నుంచీ ఎవరు ఏమి చదువుతున్నారన్న సమాచారం బటన్ ఇచ్చినవారికి చేరుతుంది. ప్రకటనల వ్యాపారానికి అదే సరుకు. 2014లో ప్రిన్‌స్టన్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లక్ష ప్రముఖ సైట్లను పరిశీలించినప్పుడు 5 శాతానికి పైగా సైట్లలో ఒక విచిత్రమైన పద్ధతి కనిపించింది. పాఠకుని బ్రౌజర్ చేత కంటికి కనిపించకుండా కొన్ని అక్షరాలు గీయించి, ఆ గీతల్లో యంత్రానికీ యంత్రానికీ ఉండే సూక్ష్మమైన తేడాతో ఆ పాఠకుణ్ణి మళ్లీ గుర్తుపట్టడం. వాటిలో అత్యధిక భాగం ఆడ్‌దిస్ కోడ్ వల్లనే జరిగింది. కుకీలకు (పాఠకుణ్ణి గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లకు) బదులుగా పనికొస్తుందేమోనని పరీక్షిస్తున్నామని సంస్థ అప్పట్లో వివరణ ఇచ్చింది. మన కవితల కింద ఈ వ్యవహారం నడిచిందని తెలిసి కొందరు నొచ్చుకున్నారు. మరికొందరు ‘నా బ్లాగు చదివే పదిమంది ఎవరో నాకే తెలియదు, వాళ్లకు తెలిసిందా!’ అని నవ్వేశారు.

మన సొంత బటన్

ఒక విదేశీ సేవ పోతే మరొకటి తెచ్చి పెట్టుకోవడం తేలిక. కార్యవర్గం అలా వద్దని నిర్ణయించింది. నిజానికి పంచుకునే బటన్‌కు ఎవరి సేవా అక్కర్లేదు. ఫోనులో ఫోటోను ఎవరికైనా పంపేటప్పుడు అడుగున తెరుచుకునే పలక ఉంటుంది కదా, దాన్ని వెబ్ పేజీ నుంచి కూడా పిలిచే వీలు ఆండ్రాయిడ్ క్రోమ్‌లో 2017 నుంచి, సఫారీలో 2019 నుంచి ఉంది. పాఠకుడు తానుగా నొక్కితేనే అది తెరుచుకుంటుంది, చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పేజీల్లోనే పనిచేస్తుంది. కొన్ని కంప్యూటర్ బ్రౌజర్లలో ఆ వీలు లేదు. అక్కడ అదే బటన్ నొక్కితే పేజీ లంకె (లింక్) నకలు అయ్యేలా ఏర్పాటు చేశాం. పక్కన వాట్సాప్‌కు వేరే బటన్ ఒకటి. అంతే, రెండే. ఎనిమిది రంగుల బటన్ల వరుస కావాలన్న కోరిక రెండు మూడు సమావేశాల్లో వినిపించింది గానీ, మన పాఠకులు నొక్కేది వాట్సాప్ ఒక్కటేనని అందరికీ తెలుసు. జర్మనీలో ఒక కంప్యూటర్ పత్రిక 2014లోనే ‘షరీఫ్’ అన్న పేరుతో ఇలాంటి నిరపాయమైన బటన్లు తయారుచేసి అందరికీ ఇచ్చింది. ఆలోచనలో మనం వారి వెనుకే ఉన్నాం.

దీనితో మరో చిక్కుముడి కూడా విడింది. వాట్సాప్ నుంచి వచ్చిన పాఠకుడు గణాంకాల్లో ‘నేరుగా’ వచ్చినట్టు కనిపిస్తాడు, ఎక్కడి నుంచి వచ్చాడో ఆ యాప్ చెప్పదు. ‘ఇంతమంది నా బ్లాగు చిరునామా కంఠతా పట్టారా’ అని ఆశ్చర్యపోతూ వచ్చిన సభ్యునికి ఈ సంగతి చెప్పడానికి మాకే మనసొప్పలేదు.

లంకె పొడవు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే దెబ్బ. చిరునామాలో తెలుగు అక్షరం ఉంటే పంపేటప్పుడు అది శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మారుతుంది. వెబ్‌లో వాడే యూనికోడ్ పద్ధతిలో (యూటీఎఫ్-8) ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు, ఒక్కో బైటుకు మూడేసి గుర్తులు, వెరసి తొమ్మిది. ‘తెలుగు’ అన్న మాట మూడు అక్షరాలుగా కనిపించినా లోపల ఆరు సంకేతాలు, కాబట్టి లంకెలో 54 గుర్తులు. ‘మా ఊరి చెరువు’ అని శీర్షిక పెడితే మధ్య అడ్డగీతలతో కలిపి 101. వర్డ్‌ప్రెస్ వేదిక మీద బ్లాగు నడిపేవారి లంకె వాట్సాప్‌లో తెర నిండా పాములా పాకేది ఇందుకే. గూగుల్ వారి ‘బ్లాగర్’ వేదిక వాడేవారిది ఇంకో రకం కష్టం. అది తెలుగు శీర్షికను పట్టించుకోకుండా ‘బ్లాగ్ పోస్ట్’ అని, తర్వాత ఒక అంకె తగిలించి చిరునామా ఇచ్చేస్తుంది. లంకె చూసి లోపల ఏముందో ఊహించలేం.

రెండింటికీ మందు ఒకటే. ప్రచురించే ముందే రోమన్ లిపిలో రెండు మూడు మాటల చిరునామా మనమే ఇవ్వాలి. తెలుగు బ్లాగుకు రోమన్ చిరునామా ఏమిటని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారి బాధలో న్యాయం ఉంది, తప్పు మన లిపిది కానే కాదు. అయినా పాఠకుడు లంకెను చూసి భయపడి వదిలేస్తే పోయేది మన టపాయే. ఒక హెచ్చరిక: పాత టపాల చిరునామాలు మార్చకండి. ఎక్కడెక్కడో ఇచ్చిన లంకెలన్నీ తెగిపోతాయి.

2023 అక్టోబరులో ఎక్స్ (అదే, జూలై దాకా ట్విట్టర్) లంకె కింద శీర్షిక చూపడం మానేసి బొమ్మను మాత్రమే ఉంచింది. దాంతో శీర్షికను బొమ్మ మీదనే రాయవలసి వచ్చింది. అక్కడ ఒత్తులు తిరగబడ్డాయి. బొమ్మలు తయారుచేసే ఉచిత పరికరాలు కొన్నింటికి తెలుగు అక్షరాలను కూర్చడం రాదు. ‘స్త్రీ’ అని ఇస్తే ‘స్‌త్‌రీ’ అని పరుస్తాయి. మహిళా దినోత్సవపు టపాకు ఆ ముఖచిత్రం రావడం చూసి మన సభ్యురాలు ఆ రాత్రికి రాత్రే బొమ్మను మార్చేశారు. ఒత్తులు సరిగా కూర్చే పరికరాల జాబితాను సభ్యులకు మార్చి నెలలో పంపాం.

‘ఇవి కూడా చదవండి’

ఈ ఏడాది అసలైన చర్చ దీని మీదే జరిగింది. టపా పూర్తయ్యాక దాని వంటివే మరో నాలుగు చూపే పెట్టెలు ఎలా పనిచేస్తాయో, తెలుగులో ఎందుకు తడబడతాయో తెలుసుకోవడానికి సెప్టెంబరులో ఒక అభ్యాస శిబిరం పెట్టాం.

చాలా పెట్టెలు మాటలను విడగొట్టి, రెండు టపాల్లో ఉమ్మడి మాటలు ఎన్ని ఉన్నాయో చూస్తాయి. మాటలను విడగొట్టడంలోనే మొదటి పొరపాటు. గుణింతాలనూ పొల్లునూ సున్నానూ అక్షరాలుగా లెక్కించని పాత కోడ్ ‘పుస్తకం’ అన్న మాటను ప, స, తక అని మూడు ముక్కలు చేస్తుంది. శిబిరంలో తెర మీద అది చూపించినప్పుడు అందరూ ఒక్కసారిగా నవ్వారు. పుస్తక సమీక్ష కింద పసుపు కొమ్ముల వ్యాపారం గురించిన టపా ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. సరైన కోడ్ వాడినా రెండో గండం ఉంది. పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకాల్లో, పుస్తకానికి అన్నవి మనకు ఒకే మాట. యంత్రానికి నాలుగు. ఇంగ్లీషులో చివరి అక్షరం కోసేస్తే చాలావరకు సరిపోతుంది, మన విభక్తులకు ఆ కోత చాలదు.

అందుకని వర్గాల పేర్లను బట్టి చూపే పెట్టెకు మారాం. అందులోనూ ఒక తమాషా. ఒక సభ్యుని బ్లాగులో ‘ఫేస్‌బుక్’ అన్న వర్గం రెండుసార్లు కనబడింది. ఎంత చూసినా రెండూ ఒకటే. తీరా చూస్తే ఒకదానిలో ‘స్’ పొల్లుగా నిలవడానికి కావలసిన కనిపించని గుర్తు ఒక్కసారి, మరోదానిలో రెండుసార్లు పడింది. కథ, కథలు, తెలుగు కథలు, కధ అని నాలుగు వర్గాలు పెట్టుకున్నవారి సంగతి చెప్పనక్కర్లేదు. వర్గాల పేర్ల పట్టిక ఒకటి తయారుచేసి, ‘థ’కు చుక్క ఉంటుందన్న గమనికతో సహా సభ్యులకు ఇచ్చాం.

చివరికి బాగా పనిచేసింది మాత్రం చేత్తో పెట్టే లంకెలే. ప్రతి టపా కింద తన పాత టపా ఒకటి, మరో సభ్యునిది ఒకటి, ఎందుకు చదవాలో ఒక్క వాక్యం. ‘పక్క బ్లాగు’ పేరుతో నవంబరులో మొదలుపెట్టాం. అందరి కొత్త టపాలనూ ఒకచోట చూపే కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినులు వెలిగిన రోజుల్లో కొత్త టపా ఎవరిదైనా కళ్లబడేది. 2013 జూలై 1న, నచ్చిన బ్లాగులను ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ కూడా పోయాక ఆ అలవాటు ఇంకా సన్నగిల్లింది. ‘పక్క బ్లాగు’ దానికి పూర్తి బదులు కాదు గానీ, ఏళ్ల తరబడి ఎవరూ వ్యాఖ్య పెట్టని బ్లాగులకు కూడా పాఠకులు వస్తున్నారని సభ్యులు చెబుతున్నారు. పరస్పరం డప్పు కొట్టుకోకుండా ఒక నియమం పెట్టాం: మిమ్మల్ని సూచించినవారిని ఆ నెలలో మీరు సూచించకూడదు. ఈ నియమం మీద అలకలు వచ్చాయి, సర్దుకున్నాయి.

ప్రకటనల పెట్టెల విషయం ఇంకా తేలలేదు. అవుట్‌బ్రెయిన్ 2006లో, టబూలా 2007లో ఇజ్రాయెల్‌లో పుట్టాయి. పాఠకునికి తర్వాత ఏమి చదవాలో సూచించే పెట్టెలతో ఎదిగి, 2021లో రెండూ అమెరికా స్టాక్ మార్కెట్‌కు వెళ్లాయి. ఆ పెట్టెల్లో సూచనకూ ప్రకటనకూ మధ్య గీత చాలా పలుచన. ఇలాంటి పెట్టె ఇచ్చే ఒక సంస్థ కోడ్‌ను మన సభ్యుడొకరు పెట్టుకున్నారు. తండ్రి గారికి ఆయన రాసిన నివాళి కింద ‘వారంలో పొట్ట తగ్గాలంటే’ అన్న సూచన వచ్చింది. బంధువులు ఫోను చేసి చెప్పేదాకా ఆయన చూడలేదు. అలాంటి పెట్టెలు అసలే వద్దని కొందరన్నారు. అవి ఇచ్చే చిల్లరతోనే తన డొమైన్ రుసుము కడుతున్నానని మరో సభ్యురాలు అన్నారు. ఆమె మాటను కొట్టిపారేయలేం. నా మట్టుకు నాకు నివాళి, బాల్యస్మృతి, వ్యాధి గురించిన టపాల కింద అవి ఉండకూడదు, మిగతా చోట్ల పైన ‘ప్రకటన’ అని తెలుగులో స్పష్టంగా రాసి ఉండాలి.

పేజీ వేగం గురించి ఒక్క ముక్క. ఆలస్యంగా దిగే పెట్టె చదువుతున్న పేరాను కిందికి తోసేస్తుంది. పెట్టె వచ్చే చోటును ముందే ఖాళీగా వదలడం ఎలాగో చూపే పాఠం మన ఉమ్మడి దస్త్రాల్లో ఉంది. 2024 మార్చి 12 నుంచి గూగుల్ కొలతల్లో, నొక్కిన తర్వాత పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందన్నది కూడా చేరింది. 200 మిల్లీసెకన్లలోపు అయితే మంచిదన్నమాట.

చట్టం

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. 2024 మార్చి నాటికి నియమాలు ఇంకా రాలేదు. పాఠకులకు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలని అందులో ఉంది. అంటే తెలుగులోనూ. ఐరోపాలో ఉన్న సభ్యులు మరికొంత జాగ్రత్తగా ఉండాలి. ఫేస్‌బుక్ ‘లైక్’ బటన్‌ను పేజీలో పెట్టినవారికి కూడా సమాచార సేకరణలో ఉమ్మడి బాధ్యత ఉంటుందని అక్కడి న్యాయస్థానం 2019 జూలైలోనే తీర్పు చెప్పింది.

ఇతర కార్యక్రమాలు

డిసెంబరు 10న, రెండో ఆదివారం, తెలుగు బ్లాగుల దినోత్సవాన్ని ఆన్‌లైన్‌లో జరుపుకున్నాం. ఎన్నికల తర్వాత ఫిబ్రవరిలో జరిగిన హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో సభ్యులు కలుసుకున్నారు. అక్కడ లేఖిని (రోమన్ అక్షరాలతో తెలుగు టైపు చేసే పరికరం) గురించి తొలిసారి విన్న కళాశాల విద్యార్థులు కొందరు అక్కడికక్కడే బ్లాగులు తెరిచారు.

సర్వసభ్య సమావేశం ముందుకు వచ్చే తీర్మానాలు మూడు: సొంత బటన్ కోడ్‌ను సభ్యులు కానివారికి కూడా ఉచితంగా ఇవ్వడం, ‘పక్క బ్లాగు’ను మరో ఏడాది కొనసాగించడం, ప్రకటనల పెట్టెల మీద ఒక నియమావళి. మొదటి రెండింటికీ ఎవరూ అడ్డు చెప్పకపోవచ్చు. మూడోదానికి సవరణలు ఇప్పటికే చాలా వచ్చాయి కనుక దాన్ని భోజన విరామానికి ముందు చేపడతాం.

ఇట్లు,
కార్యదర్శి